తోలు బూటు ఆయుష్షు

చోడవరం చెరకు ఊరు. పక్కనే గోవాడ పంచదార మిల్లు, చుట్టూ బెల్లం వండే పల్లెలు. అయితే ఇక్కడ మాడుగుల బస్సు ఎక్కితే వడ్డాది దాటేసరికి కొండలు దగ్గరవుతాయి, మాడుగుల దాటాక పాడేరు ఘాటీ మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లాను విడగొట్టినప్పుడు చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కొండకూ మైదానానికీ మధ్య రాకపోకలు మాత్రం తగ్గలేదు.

ఈ మాటలు ఇద్దరివి. ఒకరు అటవీశాఖలో పనిచేసి రిటైరై చోడవరంలో ఉంటున్న మావయ్య. రెండో మనిషి విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికితే కొండెక్కే మేనకోడలు. ఆమె కొత్త బూట్లు కొనాలనుకుంటోంది. ఏవి కొనాలన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు.

మావయ్య: కొంటే తోలుదే కొనమ్మా. డబ్బు రెట్టింపైనా వెనకాడకు. గుడ్డ బూటు రెండు వానాకాలాలు దాటడం కష్టం. ముందు వేళ్ల దగ్గర చిరుగుతుంది, తర్వాత అడుగు ఊడుతుంది, ఆ పైన చెత్తకుప్పే. మంచి తోలు బూటు సరిగా చూసుకుంటే పదిహేనేళ్లు నడుస్తుంది. మా పై అధికారుల బూట్లు వాళ్లు రిటైరయ్యాక కూడా గట్టిగానే ఉండేవి.

మేనకోడలు: పదిహేనేళ్లు నిలిచేది ఏది మావయ్యా? పైతోలు, కుట్టిన దారం, లోపలి అట్ట, నడిమి పొర, కింది రబ్బరు – ఇన్ని కలిస్తే బూటు. దేని ఆయుష్షు దానిదే. వీటిలో ముందు పోయేది ఏదో దాని ఆయుష్షే బూటు ఆయుష్షు. మీరు పైతోలు ఒక్కటే చూసి లెక్క చెబుతున్నారు.

మావయ్య: సరే, విడివిడిగానే చూద్దాం. పైతోలుతో మొదలెడతాను. కొండబూటుకు కావలసింది పైపొర చెక్కకుండా ఉంచిన తోలు, రెండున్నర మిల్లీమీటర్ల మందంది. ఆ పైపొరలోనే పోగులు దట్టంగా అల్లుకుని ఉంటాయి. దాన్ని చెక్కేసి, అడుగున మిగిలిన పొరకు రంగు పూసి అమ్మేదాన్ని కూడా తోలనే అంటారు. దానికి ఈ బలం ఉండదు. పాత పద్ధతి బూటుకు పైభాగం దాదాపు ఒకే ముక్క, కుట్లు చాలా తక్కువ. నీళ్లు దిగేది కుట్టు రంధ్రాల్లోంచి, తెగేదీ అక్కడే. కుట్లు తగ్గితే లోపలికి దారులూ తగ్గుతాయి. మీ గుడ్డ బూటు చూడు, ఎన్ని ముక్కలు అతికించి కుట్టారో!

ఇక మన రాయి సంగతి. విశాఖ కొండల్లో ఖొండలైట్ ఎక్కువ. ఈ కొండల గిరిజనులైన కోందుల పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతికి పెట్టిన పేరది. అందులో గార్నెట్ గింజలుంటాయి. ఉప్పుకాగితం తయారీకి వాడే ఖనిజాల్లో అదొకటి. రాయి చివికి ఆ గింజలు దారంతా పడి ఉంటాయి. పైగా ఈత ముళ్లు, రేగు కంపలు. తోలు మీద గీత పడితే అది గీతగానే ఉండిపోతుంది. గుడ్డ మీద పడిన గీత నాలుగు నడకల్లో కన్నమవుతుంది.

మేనకోడలు: అది పొడి రోజుల మాట. మనకు జూన్‌లో నైరుతి పట్టిందంటే నవంబరు తుపానుల దాకా తేమ వదలదు. తోలు తడిసిందంటే నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. పొద్దున గెడ్డ దాటితే సాయంత్రానికి ఆరదు, మర్నాడూ ఆరదు. వారం పట్టించుకోకపోతే లోపల బూజు. నూలు దారమైతే ఆ తడికి కుళ్లిపోతుంది. సైన్యాలకూ ఇదే అనుభవం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులకిచ్చిన జంగిల్ బూటుకు వేళ్ల దగ్గరా మడమ దగ్గరా తోలు, మిగతా పైభాగం గుడ్డ, దిగిన నీళ్లు పోవడానికి పక్కన కన్నాలు. వేడీ తడీ కలిసిన అడవిలో పూర్తి తోలు బూటు కాళ్లను కాపాడదని తెలిశాకే అలా కుట్టారు. ఆల్ప్స్ చలికి తయారైన బూటును తెచ్చి మన గెడ్డల్లో దించితే ఎలా?

మావయ్య: ఆ జంగిల్ బూటుకు కూడా దెబ్బ తగిలే చోట తోలే ఉంచారు కదమ్మా! అది నా వైపు సాక్ష్యం. తడి కన్నా నిర్లక్ష్యమే తోలును ఎక్కువ చెడగొడుతుంది. తిరిగొచ్చిన రోజే బురద కడగాలి. మట్టి ఆరుతూ తోలులోని నూనెను పీలుస్తుంది, వేళ్ల దగ్గర మడతలో పగులు అలాగే మొదలవుతుంది. లోపలి అట్ట బయటికి తీసి, పాత పేపర్లు కుక్కి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. గాలి ఆడే నీడలో ఉంచాలి. పొయ్యి దగ్గరా మండుటెండలోనూ పెట్టకూడదు. తోలంటే కొల్లాజెన్ పోగులు. తడిగా ఉన్నప్పుడు బాగా వేడి తగిలితే ముడుచుకుపోతాయి, మళ్లీ సాగవు. చెట్టు బెరడుతో ఊరేసిన తోలు దాదాపు 80 డిగ్రీలకే ముడుచుకుంటుంది. క్రోమియంతో చేసినది మరుగునీటి వేడికీ ఆగుతుంది గాని, అడుగును పట్టి ఉంచే బంక ఆగదు. నడిచి అరగదీసిన బూట్ల కన్నా నెగడు పక్కన ఆరబెట్టి పాడుచేసినవే నేను ఎక్కువ చూశాను.

బాగా ఆరాక తేనెమైనం పట్టించాలి. మన పెద్దవాళ్లు కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేవారు, చెప్పుకు అది చాలు. బూటుకు నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి చీలమండ దగ్గర పట్టు పోతుంది. మైనం పైన నిలిచి నీటిని ఆపుతుంది.

మేనకోడలు: ఆ సేవంతా చేస్తాననే అనుకోండి. బరువు మాటేమిటి? గట్టి తోలు బూట్ల జత కిలోన్నర నుంచి రెండు కిలోలు తూగుతుంది. తేలిక బూట్లు కిలో లోపే. 1969లో సూల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు అమెరికా సైన్యం కోసం పరీక్షలు చేసి లెక్కగట్టారు. బరువును పాదాలకు తగిలిస్తే, అదే బరువును ఒంటి మీద మోసేదానికి నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుందట. అంటే కాళ్లకు అదనంగా కిలో తగిలించడం వీపున నాలుగు నుంచి ఆరు కిలోలు ఎత్తుకోవడంతో సమానం. దిగేటప్పుడు తడబడేది అలసిన కాలే. బూటు పదిహేనేళ్లు నిలవాలని నా మోకాళ్లు అరగదీసుకోమంటారా?

మావయ్య: పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మబ్బులు చూసి దిగేవాళ్లకు నీ లెక్క సరిపోతుంది. దారి ఉంది, వీపున నీళ్ల సీసా తప్ప బరువు లేదు. దారే లేని చోట ఏం చేస్తావు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత అడవిలో పనంటే కూలిన చెట్ల మీద, విరిగిన కొమ్మల మధ్య నడకే. చీలిన కొయ్య గుచ్చుకునే చోట, రాయి దొర్లి వేళ్ల మీద పడే చోట, పొదలో ఏముందో కనపడని చోట, మందపాటి తోలుకూ జల్లెడ గుడ్డకూ తేడా కాలికే తెలుస్తుంది. గట్టి అడుగు ఉంటే రాతి మొన అరికాలికి తగలదు. వీపున సామాను ఉన్నప్పుడు అది నీకు విశ్రాంతి, శ్రమ కాదు.

మేనకోడలు: ఆ గట్టి అడుగు తోలు గొప్పదనమా, రబ్బరు గొప్పదనమా? పాత రోజుల్లో కొండబూటుకు తోలు అడుగు, దానికి ఇనప మేకులు. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో విటాలే బ్రమాని అనే పర్వతారోహకుడి సహచరులు ఆరుగురు మంచు తుపానులో చిక్కి, సరైన బూట్లు లేక చనిపోయారు. ఆ దుఃఖంలోంచి అతను గళ్ల రబ్బరు అడుగు తయారుచేశాడు. అదే విబ్రమ్. 1954లో కె2 శిఖరం మొదటిసారి ఎక్కిన ఇటలీ జట్టు బూట్లకు ఆ అడుగులే. కొండ మీద మనిషిని నిలబెట్టింది రబ్బరు మావయ్యా.

మావయ్య: ఆ రబ్బరును పట్టుకుని ఉన్నది మాత్రం తోలే! పైన తోలు, కింద రబ్బరు. ఆ రెండూ కలిశాకే కొండబూటు పూర్తయింది. అంతకన్నా మెరుగైన జోడీ నేను చూడలేదు.

మేనకోడలు: ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఈనాడు షాపుల్లో దొరికే తోలు కొండబూట్లలో చాలావాటికి ఆ రెంటి మధ్య మూడో పొర ఉంది. పాలీయురెథేన్ నురగ. నడక మెత్తగా ఉండాలని వేస్తారు. గాలిలో తేమ ఆ నురగలోకి దిగి, దాన్ని కలిపి ఉంచే ఎస్టర్ బంధాలను ఒక్కొక్కటిగా తెంపుతుంది. వేడి ఆ పనిని తొందర చేస్తుంది. బూటు వాడినా వాడకపోయినా ఇది ఆగదు. డబ్బాలో పెట్టి అటకెక్కించిన బూటు ఒకరోజు తీసి తొడిగితే పది అడుగులకే కింద ముక్కలుగా రాలిపోవడం ఎంతోమందికి అనుభవమే. చల్లగా పొడిగా ఉండే దేశాల్లో పదేళ్ల దాకా ఆగే నురగ మన కోస్తా ఉక్కలో అన్నేళ్లు ఎలా ఆగుతుంది? పైతోలుకు చిన్న పగులు కూడా ఉండదు. నడుము విరుగుతుంది. మీరు చెప్పే పదిహేనేళ్ల తోలు నాలుగైదేళ్ల నురగ మీద కూర్చుంది.

మావయ్య: అందుకే నేను పాత పద్ధతి అంటున్నాను. అడుగు కుట్టిన బూటు కొను, అతికించినది కాదు. లోపలి తోలు అట్టనూ పైతోలునూ కలిపి చుట్టూ ఒక తోలు పట్టీకి కుడతారు. దాన్ని వెల్ట్ అంటారు. కింది అడుగును ఆ పట్టీకి విడిగా కుడతారు. అడుగు అరిగినప్పుడు బయటి కుట్టు ఒక్కటి విప్పి కొత్త అడుగు వేస్తే సరి, పైతోలు కదలనక్కర్లేదు. మధ్యలో నురగ అక్కర్లేదు, తోలూ రబ్బరూ చాలు. పోలీసులకూ సైనికులకూ ఇచ్చే డీఎంఎస్ బూటు వేరు. దానికి రబ్బరును అచ్చులో కరిగించి పైతోలుకు నేరుగా అతుకుతారు. బూటు గట్టిదే, అడుగు పోతే మాత్రం మళ్లీ వేయించడం కష్టం. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి. బూటును తిరగేసి అంచు వెంట కుట్టు ఉందో లేదో చూడాలి. ఉత్తుత్తి కుట్టు అచ్చువేసిన రబ్బరు కూడా అమ్ముతారు, గోటితో గీకి చూడు.

ఇంకొక మాట. రాలిన నీ నురగ ఎక్కడికి పోతుంది? కొండ మీదే ఉంటుంది. తోలు మట్టిలో పుట్టింది, మట్టిలో కలుస్తుంది. మన ఊళ్లలో సున్నం తొట్టిలో వెంట్రుకలు ఊడదీసి, లంద అనే తొట్టిలో తంగేడు చెక్కతో వారాల తరబడి ఊరేసి, కరక్కాయ పట్టించి తోలు చేసేవారు. ఆ కరక్కాయ మన ఏజెన్సీ అడవిదే. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఫలసాయంలో అదీ ఒకటి. విషం లేని పని అది.

మేనకోడలు: ఆ తోలు చెప్పులకూ, మోట బొక్కెనలకూ వెళ్లింది. ఇవాళ బూటు పైభాగానికి వాడేది చాలావరకు క్రోమియం తోలు. వారాలు పట్టే పని ఒకటి రెండు రోజుల్లో అవుతుంది, తోలు మెత్తగా వస్తుంది, వేడికి ఆగుతుంది. దాని మురుగు ఎక్కడికి పోయిందో తమిళనాడు పాలార్ నదిని అడగండి. రాణిపేట, వాణియంబాడి తోళ్ల కర్మాగారాల నీళ్లు పొలాల్లోకీ బావుల్లోకీ దిగాయి. 1996లో వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు, పాడుచేసినవాడే ఆ నష్టం భరించాలని తీర్పు చెప్పింది. తోలు బూటు మన్నిక లెక్కలో ఆ బావుల్ని కూడా రాయాలి కదా?

మావయ్య: రాయాలి. కాదనను. అందుకే ఆ బూటును ఎక్కువ కాలం వాడాలంటున్నాను. ఒక తోలుకు అంత నీరు ఖర్చయ్యాక దాన్ని నాలుగేళ్లకే పారేయడం రెండో తప్పు. మూడుసార్లు అడుగు మార్చుకున్న బూటు మూడు కొత్త బూట్ల తోలును మిగులుస్తుంది.

మేనకోడలు: మూడుసార్లు అడుగు ఎవరు మారుస్తారు? మన ఊళ్లో రోడ్డు పక్క గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఆరె ఉంది, మైనం పూసిన దారం ఉంది, చేతిలో గొప్ప పనితనం ఉంది. గళ్ల రబ్బరు అడుగు వాళ్లకెక్కడ దొరుకుతుంది? బూటును బిగించి కుట్టడానికి కావలసిన పాదం అచ్చులు లేవు. నీడే సరిగా లేదు. ఉన్న పనికి మనం ఇచ్చేది ఎంత? కొత్త బూటుకు వేలకు వేలు మారుమాట్లాడకుండా కడతాం, కుట్టుకు యాభై రూపాయలంటే ముప్పైకి బేరమాడతాం. ఆ ఇళ్లలో పిల్లలు ఈ పని వద్దనుకుంటే తప్పేముంది? తోలు తొడుక్కున్న కాలిని వీధిలోకి రానిచ్చి, ఆ తోలు కుట్టిన మనిషిని ఊరి బయట ఉంచిన సమాజం మనది. పాత పద్ధతి బూటు కావాలంటే పాత పద్ధతిలో మనుషుల్ని అక్కడే కూర్చోబెడతామా?

మావయ్య: వద్దమ్మా. అలా నిలిచే బూటు నాకూ వద్దు. ఈ విషయంలో నాకు యలవర్తి నాయుడమ్మ గారు గుర్తొస్తారు. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టి, చాలామంది చిన్నచూపు చూసే తోలు పనిని చదువుగా ఎంచుకున్నారు. మద్రాసులో 1948లో మొదలైన కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరై దాన్ని ప్రపంచం గుర్తించేలా నడిపారు, తర్వాత శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్‌కు అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేల్చివేతలో ఆయన్ని పోగొట్టుకున్నాం. పరిశోధనశాలలో పుట్టిన తెలివి పల్లెలో తోలు పనివాడి చేతికి చేరాలన్నది ఆయన తపన. మన ఐటీఐల్లో మోటారు వైండింగ్ నేర్పుతున్నట్టు బూటు అడుగు మార్చడం నేర్పొచ్చు. ఏ కులం పిల్లలైనా నేర్చుకోవచ్చు. రబ్బరు అడుగులు విశాఖలో నిల్వ ఉంచొచ్చు. గొడుగు పోయి షట్టరున్న గది రావాలి, బోర్డు రావాలి, బిల్లు రావాలి. అప్పుడది తక్కువ పని అని ఎవరనగలరు?

మేనకోడలు: దానికి నేనూ చేయి కలుపుతాను. అయితే ఇంకొకటి చెప్పాలి. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దించేవాళ్ల కాళ్లకు ఏముంటాయి? హవాయి చెప్పులు, అవీ లేకపోతే ఉత్త కాళ్లు. కాఫీ, మిరియాలు, పసుపు మోసుకుని సంతకు దిగేవాళ్లూ అంతే. ఈ కొండల్లో అందరికన్నా ఎక్కువ నడిచేది, ఎక్కువ బరువుతో నడిచేది వాళ్లు. మన్నికైన బూటు ఎవరికి కావాలి అంటే ముందు వాళ్లకి. మీ బూటు ధర వాళ్లకు అందదు. గుడ్డా రబ్బరూ కలిసిన జంగిల్ షూ అందుతుంది, గెడ్డ దాటాక త్వరగా ఆరుతుంది. అందుకే నేను తేలిక బూటు వైపు మాట్లాడుతున్నాను, ఫ్యాషన్ కోసం కాదు.

మావయ్య: అక్కడే నాకు భయం. పేదవాళ్లకు చవకది చాలు అనే మాట అలాగే మొదలవుతుంది. ఏడాదికి రెండు జోళ్లు చిరిగితే పదేళ్లలో ఎక్కువ ఖర్చు పెట్టేది ఆ పేదవాడే, మధ్యలో ఉత్త కాళ్లతో నడిచేదీ అతనే. అడవి కాపలా వాచర్‌కు, ఆశా కార్యకర్తకు, డోలీ మోసే మనిషికి బూటు పనిముట్టు. పనిముట్టు వాళ్ల జేబులోంచి రాకూడదు, ప్రభుత్వం ఇవ్వాలి. ఇచ్చి చేతులు దులుపుకోకుండా, అడుగు మార్చే ఖర్చు కూడా ఆ కొనుగోలు ఒప్పందంలోనే రాయాలి. అప్పుడు చోడవరంలో, మాడుగులలో, పాడేరులో ఒక్కో మరమ్మతు గది నడవడానికి సరిపడా పని దొరుకుతుంది.

మేనకోడలు: ఆ బూటు తోలుదా, గుడ్డదా అన్నది మాత్రం నడిచేవాళ్లనే అడిగి తేల్చాలి. విశాఖలో టేబుల్ దగ్గర కూర్చుని తేల్చకూడదు.

మావయ్య: అడగనీ. ఎండాకాలంలో అడిగితే తోలే అంటారు.

మేనకోడలు: శ్రావణంలో అడిగితే గుడ్డే అంటారు! సరే, నా మటుకు చెబుతాను. జూన్ నుంచి నవంబరు దాకా నా తేలిక జోడే, అందులో మార్పు లేదు. డిసెంబరు నుంచి మే దాకా, వీపున బరువుతో నడిచే దారులకు తోలు బూటు కొంటాను. మూడు షరతులు. అడుగు కుట్టి ఉండాలి. నడుమ నురగ ఉండకూడదు. అడుగు మార్చే మనిషి మనకు అందే దూరంలో ఉన్నాడని కొనకముందే తెలుసుకోవాలి. మూడోది తేలకపోతే ఎంత మంచి తోలైనా కొనను.

మావయ్య: నాలుగోది నేను కలుపుతాను. ఆ మనిషి అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వాలి. వానల్లో తోలు వద్దన్న మాట మాత్రం నేనింకా ఒప్పుకోలేదు. మైనం సరిగా పట్టిస్తే గెడ్డ ఒడ్డు దాకా నా బూటు పొడిగానే వస్తుంది.

మేనకోడలు: గెడ్డ అవతలి ఒడ్డు సంగతి వానలు పడ్డాక తేల్చుకుందాం. ఈలోగా మనిద్దరం ఒప్పుకున్నది చిన్నదేమీ కాదు. బూటు ఎన్నేళ్లు వస్తుందని షాపువాణ్ణి అడిగితే అతను అమ్మేవాడి జవాబే చెబుతాడు. అరిగాక దీన్ని ఎవరు బాగుచేస్తారు, ఆ పని మీద వాళ్లు గౌరవంగా బతకగలరా అని అడగాలి. ఆ జవాబు దొరికిన ఊళ్లో బూటు నిలుస్తుంది. దొరకనంత కాలం తోలైనా గుడ్డైనా చివరికి చేరేది చెత్తకుప్పకే.